నూనె తాగిన పియానో

1957 అక్టోబరు 7, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు, దసరా సెలవుల తర్వాత కరీంనగర్‌లోని మా ఆడపిల్లల బడిలో పియానో మూత తీశాను. మూత మీద పసుపు, కుంకుమ బొట్లు. నొక్కితే మధ్య మెట్లు పలకలేదు. ఎనభై ఎనిమిదిలో పదిహేడు మూగవి. లోపల తీగలను కొట్టే చిన్న సుత్తుల ఉన్ని నూనెలో నాని అతుక్కుపోయింది.

సెలవుకు ఇళ్లకు పోయే ముందు హాస్టల్ పిల్లలు పియానోకు ఆయుధపూజ చేశారట. నేతవాళ్ల ఇంటి పిల్ల ఒకతె ముందుకొచ్చింది.

"మగ్గానికి పోసినట్టే పోసినం టీచరమ్మా. జర నున్నగ ఆడ్తదనుకున్నం."

"ఎంత పోసిండ్రే?" అని అడిగాను.

"సీసెడు."

"కొబ్బరికాయ దాని మీద కొట్టలే, నయం," అంది ఆయమ్మ.

పెద్ద టీచరమ్మ నవ్వలేదు. "వచ్చే సోమవారం ఇన్‌స్పెక్టరమ్మ వస్తది. పియానో క్లాసు దండుగని పైవాళ్లు ముందే అంటున్నరు. ఆమె ముంగట గీ పెట్టె పలకకుంటే క్లాసు బందే."

బాగుచేసేవాడు సికింద్రాబాదులో ఉన్నాడు, వారంలో రాడు. అచ్చు పుస్తకాల్లోని పాఠాలన్నీ ఆ మధ్య మెట్ల మీదే నడుస్తాయి. అందుకని మొదటిసారి నేనే పాఠాలు కట్టాను. మా వైపు నాట్లు వేసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అదే పద్ధతి పెట్టాను. ఒకే బెంచీ మీద ఎడమ కొసన ఒక పిల్ల ఎత్తుకోవాలి, కుడి కొసన ఇంకో పిల్ల అందుకోవాలి. మధ్యకు ఎవరి చెయ్యీ పోదు. శనివారానికి మూడు పాఠాలు తయారయ్యాయి.

ఇన్‌స్పెక్టరమ్మ మూడూ విన్నది.

"ఇవి ఏ పుస్తకంలోవి?"

"పుస్తకంలోవి కావు. నేను కట్టినవి."

"మధ్యలో ఎవరూ వాయించరేం?"

నేను నోరు తెరిచేలోపు నేతవాళ్ల పిల్ల అందుకుంది. "గక్కడ మేం నూనె పోసినమమ్మా. అది పలుకది."

ఆమె చెప్పులు విడిచి బెంచీ కుడి కొసన కూర్చుంది. "అయితే నాకు నేర్పు."

"ఆగమైతున్నరమ్మా," అంది పిల్ల, పాఠం రెండో వరుసకు రాగానే. "నేను ఆపినంక మీరు అందుకోవాలె."

క్లాసు బందు కాలేదు. తర్వాత నాకు శాలువాలు కప్పినవాళ్లున్నారు. ఆ పూట ముందు అవి నాకు లెక్కలోకి రావు.

1968లో నేను బడి విడిచే నాటికి అలాంటి పాఠాలు ఇరవై ఆరు కట్టాను. ఇరవై మూడింటిని నా శిష్యురాళ్లు నేటికీ తమ పిల్లలకు నేర్పుతున్నారు. పోయినవి మూడు. రెండు వానకు తడిసి పోయాయి, ఒకటి నేనే మరిచిపోయాను.