వెండి కొండలో కర్పూరం మూట

"అందరూ ఉన్నచోటే ఆగండి," అంది గైడ్ మెలనీ.

ఆగాం. కొండ కడుపులో, ఇద్దరు పక్కపక్కన నడవలేని సొరంగంలో, నెత్తిన దీపం బిగించిన హెల్మెట్లతో, ఒకరి వెనక ఒకరం బస్సెడు మంది తెలుగువాళ్లం. మెలనీ నడుముకున్న పసుపు డబ్బా కీచుకీచుమంటోంది. గాలిలో తేడా వస్తే అరిచే డబ్బా అది. తను ఆ గనిలో చేరాక అది ఒక్కసారి కూడా అరవలేదని అంతకు ముందే గొప్పగా చెప్పింది పాపం.

ఆ పెద్దలందరి బాధ్యత నాది. ధైర్యం చెప్పాల్సినదాన్ని నేను. అలాంటి నేను గొంతు చించుకుని, "ఆక్సిజన్ అయిపోయింది, పరిగెత్తండి," అని తెలుగులో అరిచాను.

ఆగండి, అప్పుడే నవ్వకండి. ఇది ఏమీ కాదు. అసలు ఘనకార్యం అప్పటికే చేసేశాను. ఆ డబ్బా ఎందుకు అరిచిందో తెలిస్తే మీరు నన్ను ఆ గనిలోనే వదిలేసి, పైన ఒక బండ కూడా దొర్లించి రమ్మంటారు.

నా పేరు స్వప్న. మాది ఖమ్మం పక్కన. ఇంటర్ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, కెనడాలో ఒక చిన్న కాలేజీలో డిప్లొమా అనిపించుకుని, వాంకూవర్ పక్కన సర్రేలో ఒక కిరాణా షాపులో పచ్చిమిరపకాయలు సర్దుతూ ఉండేదాన్ని. వర్క్ పర్మిట్ గడువు ముంచుకొస్తోంది. అలాంటి సమయంలో దేవతలా దొరికింది విజయ ఆంటీ. వాంకూవర్ చుట్టుపక్కల రిటైరైన తెలుగువాళ్లని బస్సెక్కించి ఊళ్లు తిప్పడం ఆవిడ వ్యాపారం.

"చూడు స్వప్నా, నాకు నడుం నొప్పి, రాలేను. ఈ ట్రిప్పు నువ్వొక్కదానివే చూసుకోవాలి. సరిగ్గా తిప్పుకొచ్చావా, ఫుల్ టైమ్ ఇస్తా, జాబ్ లెటర్ ఇస్తా, పీఆర్‌కి అప్లై చేసుకుని ఇక్కడే ఉండిపో. గొడవలేమైనా అయ్యాయా, మళ్లీ మిరపకాయలే."

"ఎక్కడికాంటీ?"

"బ్రిటిష్ కొలంబియా లోపల కొండల్లో పాత వెండి గనుల ఊరు. ఒకప్పుడు వెండి కోసం జనం ఎగబడ్డారట. ఇప్పుడు మనలాంటివాళ్లం చూడ్డానికి ఎగబడుతున్నాం."

నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. కొండలు, వెండి, ఉద్యోగం, పీఆర్, అన్నీ ఒక్క బస్సులో. షాపులో మిరపకాయలు సర్దుతూనే ఫోన్లో వీడియోలు వెతికాను. దొరికాయి. ఆకాశానికి నిచ్చెన వేసుకుని కట్టినట్టున్న వెండి గనుల నగరం. వచ్చిన టూరిస్టులు నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుంటున్నారు. ఒకామె తలనొప్పికి ఏవో ఆకులు నములుతోంది. ఒకాయన హోటల్ మంచం మీద ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, అయినా సరే కెమెరాకి చెయ్యి ఊపుతున్నాడు. నాలుగు వేల మీటర్ల ఎత్తట.

ఆ నగరం దక్షిణ అమెరికాలో ఉంది. మేం వెళ్లేది కెనడాలో. ఈ చిన్న తేడా అప్పుడు నాకు పెద్ద ముఖ్యం అనిపించలేదు. వెండి వెండే, కొండ కొండే. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు చాలంటారు. నేను పక్కింటి వాళ్ల మెతుకు పట్టుకుని చూసి మా ఇంటి కుండ దించేశాను.

వెంటనే మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ కేదార్‌నాథ్ వెళ్లొచ్చిన మనిషి.

"పెద్దమ్మా, అంత ఎత్తులో ఊపిరాడకపోతే ఏం చేశావే?"

"ఏం జేస్తనే, కర్పూరం బిళ్లలు గుడ్డల మూటగట్టి మెడల ఏసుకున్న. ఆయాసమొస్తే వాసన చూసుడు. చెవులల్ల దూది, నెత్తికి మంకీ క్యాపు. అందరు గుర్రాలెక్కిన్రు, నేను నడిచిన."

ఇంకేం కావాలి. సర్రేలో కనపడ్డ షాపుల్లో కనపడ్డ కర్పూరం డబ్బాలన్నీ కొనేశాను. ఒక కొట్టాయన "ఏం పూజమ్మా ఇంత పెద్దది?" అనడిగితే, "మనుషుల్ని కాపాడే పూజండీ," అన్నాను. నా కాటన్ చున్నీ ముక్కలు చేసి మూటలు కట్టి, ఒక్కో మూటకి ఒక్కో పిన్నీసు. మంకీ క్యాపులు సరేసరి.

బస్సు బయల్దేరగానే అందరికీ క్యాపులు తొడిగించి, మూటలు గుచ్చి, మైకు అందుకున్నాను. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా బస్సులో కళ్లు మూసుకుని రాయి విసిరితే ఎవరో ఒక డాక్టర్ గారికి తగులుతుంది. అందులో సూదులు వేసేవాళ్లెవరో, పుస్తకాలు రాసినవాళ్లెవరో నాకు తెలీదు. అందరూ నాకు అంకుల్, ఆంటీలే.

"మనం చాలా ఎత్తుకి వెళ్తున్నామండీ. అక్కడ గాలి పలచగా ఉంటుంది. ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు, ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. నవ్వితే ఇంకా ఎక్కువ ఖర్చు. ప్రతి పావుగంటకీ మూట వాసన చూడండి."

ముందు సీట్లో రామ్మోహన్ గారని తెల్లజుట్టు పెద్దాయన చెయ్యెత్తారు. మదనపల్లె ఆయనది.

"అమ్మాయ్, ఊపిరి ఎలా పీల్చాలి? ముక్కుతోనా, నోటితోనా?"

"ముక్కుతోనే అంకుల్. మెల్లగా. కడుపులో దాకా తీసుకెళ్లి వదలండి."

"కడుపులోకి వెళ్తుందంటావా?"

"వెళ్తుందంకుల్, ప్రయత్నిస్తే."

ఆయన ఎంతో శ్రద్ధగా తలూపి, తన పక్క కిటికీ, వెనక వాళ్ల కిటికీ తెరిపించుకున్నారు. ఎంత వినయమో అనుకున్నాను.

కొండలు మొదలయ్యాక మసాలా చిప్స్ ప్యాకెట్ ఒకటి బెలూన్‌లా ఉబ్బింది. దాన్ని పైకెత్తి అందరికీ చూపించాను. "చూశారా? లోపల గాలి ఎలా తన్నుకుంటోందో. మన ఊపిరితిత్తుల పరిస్థితీ ఇంతే."

"మసాలా కూడా ఉంటుందా అమ్మాయ్?" అన్నారు రామ్మోహన్ గారు.

"నవ్వించకండంకుల్, ఆక్సిజన్," అన్నాను.

అక్కడి నుంచి ఒక్కొక్కరూ డీలా పడ్డారు. వెనక సీట్లో ఎవరికో తలనొప్పి. ఇంకొకరికి కడుపులో తిప్పడం. గుంటూరు కామేశ్వరి గారు లెక్కల ప్రొఫెసర్‌గా రిటైరైన ధైర్యవంతురాలు, ఆవిడ కూడా నుదురు పట్టుకుని, "స్వప్నా, కళ్లు తిరుగుతున్నాయే," అన్నారు.

మీ దగ్గర దాపరికమెందుకు, నాకు లోపల పండగలా ఉంది. వీడియోల్లో చెప్పిన లక్షణాలన్నీ వరసగా వచ్చేస్తున్నాయి. నేను చెప్పింది చెప్పినట్టు జరగడం నా జీవితంలో అదే మొదటిసారి.

"అది ఎత్తు ఆంటీ. మూట ఇంకా దగ్గరగా పెట్టుకోండి." ఆవిడకి రెండో మూట కూడా గుచ్చాను.

ఊరు చేరాం. ఊరంటే ఒకటే వీధి, హోరున ఒక ఏరు, పాతకాలపు చెక్క మేడలు, చుట్టూ కొండల మీద వేసవిలో కూడా కరగని మంచు. అంత అందం నేనెప్పుడూ చూడలేదు. ఒక ముసలావిడ సైకిల్ తొక్కుకుంటూ ఎత్తు ఎక్కుతోంది, పైగా పాట పాడుతోంది. పిల్లలు కుక్క వెంట పరిగెడుతున్నారు. మా వాళ్లు మంకీ క్యాపుల్లోంచి ఆశ్చర్యంగా చూశారు.

"వాళ్లకి పుట్టినప్పట్నుంచీ అలవాటండీ," అని సర్దిచెప్పాను.

గని గుమ్మం దగ్గర మెలనీ హెల్మెట్లు ఇచ్చి, జాగ్రత్తలన్నీ చెప్పింది. మండే వస్తువులు ఏమున్నా బయట పెట్టెలో వదిలేయాలంది. కాస్త మీ భాషలో కూడా చెప్పమని నాతో అంది. నేను ఠీవిగా ముందుకొచ్చి, "అగ్గిపెట్టెలు, లైటర్లు ఉంటే ఇక్కడ పెట్టేయండి," అన్నాను. ఎవరి దగ్గరా లేవు. చాలా క్రమశిక్షణ గల గ్రూపు అని మెలనీ మెచ్చుకుంది.

తర్వాత సంగతి మీకు తెలుసు. డబ్బా కీచుమంది, నేను అరిచాను.

మోకాలి ఆపరేషన్ అయిన కామేశ్వరి గారు నన్ను దాటుకుని వెళ్లారు. ఇద్దరు పక్కపక్కన పట్టని సొరంగంలో ఆవిడ నన్నెలా దాటారో, లెక్కల ప్రొఫెసర్ కాబట్టి ఆవిడే చెప్పాలి. మెలనీ "నడవండి, పరిగెత్తకండి," అంటూనే ఉంది. వినేవాళ్లేరీ.

బయట ఎండలో అందరూ క్షేమంగా నిలబడ్డారు. మెలనీ ఒకసారి చుట్టూ గాలి పీల్చింది. ముక్కు ఎగబీల్చింది. డబ్బా తీసుకెళ్లి కామేశ్వరి గారి జాకెట్ దగ్గర పెట్టింది. కీచు. పక్కాయన దగ్గర, కీచు. వరసగా ఒక్కొక్కరి దగ్గరా కీచు కీచు. నా చేతిలో మిగిలిన మూటల సంచి దగ్గరికొచ్చేసరికి పాలకేడ్చే పసిబిడ్డలా గుక్కపట్టింది.

మెలనీ ఒక మూట విప్పింది. తెల్లటి బిళ్లలు.

"ఏంటిది?"

కర్పూరాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదు. నన్ను ఆదుకోవడానికి కామేశ్వరి గారు ముందుకొచ్చారు. ఆదుకోకుండా ఉంటే ఎంత బావుండేదో.

"ఇది మేం దేవుడి ముందు వెలిగిస్తాం," అన్నారు ఇంగ్లీషులో.

"వెలిగిస్తారా?" మెలనీ మొహం ఆ బిళ్లల్లాగే అయింది.

"ఆహా. అగ్గిపుల్ల చూపిస్తే చాలు, భగ్గుమంటుంది. బూడిద కూడా మిగలదు," అన్నారావిడ గర్వంగా.

మెలనీ మెల్లగా ఒక బండ మీద కూర్చుని హెల్మెట్ తీసింది. నా వైపు చూసింది.

"మండే వస్తువులు బయట పెట్టమని నువ్వే చెప్పావు కదా?"

"చెప్పాను."

"మరి ఇది?"

"ఇది మందు."

బొడ్డూడని నాటి నుంచి హారతి కళ్లకద్దుకున్నదాన్ని. కర్పూరం మండుతుందని కెనడా అమ్మాయి నిలదీస్తే గానీ నాకు గుర్తు రాలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఎవరో ఎప్పుడో తవ్వి పెట్టిన కొండలో నేనే ఎలుకనై దొరికాను.

అప్పుడు రామ్మోహన్ గారు మెలనీని అడిగారు. "ఈ ఊరు ఎంత ఎత్తమ్మా?"

"వెయ్యి మీటర్లకి కాస్త పైన."

"అమ్మాయ్ స్వప్నా, మా హార్స్‌లీ హిల్స్ ఇంతకంటే ఎత్తు. మా తాతగారు బీడీ కాలుస్తూ ఎక్కారు."

"మరి అందరికీ తలనొప్పి, కళ్లు తిరగడం?"

"పొద్దున్నుంచీ కర్పూరం ముక్కుకి కట్టుకుంటే పూజగదిలో దేవుడికైనా తలనొప్పొస్తుంది. కిటికీలు అందుకే తీయించా."

"మీకివన్నీ ఎలా తెలుసంకుల్?"

"జీవితమంతా ఊపిరితిత్తుల డాక్టర్నే కదమ్మా."

హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేశారంటే విన్నాను. నేనైతే హనుమంతుడికి తోక ఎలా ఊపాలో మైకు పెట్టి నేర్పించాను.

"మరి బస్సులోనే చెప్పొచ్చుగా అంకుల్," అన్నాను, ఏడుపు గొంతుతో.

"ఎలా చెప్పమంటావ్? ఆక్సిజన్ ఖర్చని భయపడి దారంతా ఒక్కళ్లు కూడా రాజకీయాలు మాట్లాడలేదు. తెలుగువాళ్ల బస్సులో అలాంటి ప్రయాణం నేనెరగను. పాడుచేయబుద్ధి కాలేదు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే నా ఫోన్ మోగింది. గని వాళ్లు ఆంటీకి చెప్పేశారు.

"స్వప్నా, మనవాళ్లు గనిలోకి బాంబులు తెచ్చారంటున్నారే."

"బాంబులు కాదాంటీ. కర్పూరం."

"హారతి కర్పూరమా?"

"అవునాంటీ."

"గనిలోకా?"

"అవునాంటీ."

"రేపు పొద్దున మాట్లాడతా," అని పెట్టేసింది. తిట్టలేదు. తిట్టే ఆంటీ తిట్టకపోతే ఇంకేం మిగిలిందండీ. ఉద్యోగం, లెటర్, పీఆర్ ఒకదాని వెనక ఒకటి ఆ ఏట్లో కొట్టుకుపోతున్నట్టు కనపడ్డాయి.

మూటలన్నీ మెలనీ ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ రోజుకి గని మూసేశారు. వెళ్తూ వెళ్తూ మాత్రం ఆగి, "బట్టలకి ఆ వాసన పోతే రేపు తీసుకెళ్తాను. అలాగే వస్తే డబ్బా మళ్లీ అరుస్తుంది," అంది.

మర్నాడు తెల్లారేసరికి నేను బసలో గది గదికీ తిరిగి జాకెట్లు, స్వెట్టర్లు, మంకీ క్యాపులు పోగుచేశాను. పెద్దలందర్నీ దుప్పట్లు కప్పి కాఫీల దగ్గర కూర్చోబెట్టి, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క లాండ్రీలో ఉన్న మెషిన్లన్నీ ఆక్రమించాను. బట్టలు గిరగిరా తిరుగుతుంటే నా బతుకు చూస్తున్నట్టే ఉంది. అప్పుడు మోగింది ఫోన్.

"ఎక్కడున్నావే?"

"లాండ్రీలో ఆంటీ."

"నిన్నటి నుంచి నాకు ఒకటే ఫోన్లు. మోకాళ్లు పనిచేస్తున్నాయని కామేశ్వరి గారు. ఇంత నవ్వి చాలా కాలమైందని ఒకరు. వచ్చే ట్రిప్పుకి మా చెల్లెల్ని కూడా తెస్తాం, ఆ పిల్లే ఉండాలని ఇంకొకరు. ఇదేం ఖర్మే నాకు."

"మరి నా ఉద్యోగం, ఆంటీ?"

"లెటర్ టైప్ చేయిస్తున్నా. కానీ ఒక షరతు. ఇకమీదట నువ్వు ఏ ఊరెళ్లినా, ఆ ఊరి గురించి ముందుగా ఒక్క ముక్క కూడా తెలుసుకోవద్దు."

ఒప్పుకున్నాను. ఇలాంటివి అగ్నిసాక్షిగా ప్రమాణం చేయాలి. కానీ ఆ కొండ మీద నన్నిక ఎవరూ అగ్గి ముట్టనివ్వరు గనక వాషింగ్ మెషిన్ మీద కుడిచెయ్యి వేశాను. ఊపిరి ఉన్నంతవరకూ ఇంకొకరికి ఊపిరి పీల్చడం నేర్పనని, చిప్స్ ప్యాకెట్‌ని సాక్ష్యంగా చూపించనని, నాకు తెలిసిన సంగతి అనిపించగానే నోరు మూసుకుంటానని ప్రమాణం చేశాను. అది గడగడా వణుకుతూ దీవించింది.

తర్వాత డ్రయ్యర్ తలుపు తీసి, వేడి వేడి మంకీ క్యాపుని రామ్మోహన్ గారిదో కామేశ్వరి గారిదో తెలియకపోయినా, కర్పూరం పోయిందో లేదో అని రెండుసార్లు వాసన చూసి, మడతపెట్టడం మొదలుపెట్టాను.