కొబ్బరినూనె పేరుకున్న పొద్దు

ఈ ఉదయం స్నానాలగదిలో కొబ్బరినూనె సీసా తెల్లగా పేరుకుపోయి కనిపించింది. కాన్‌బెర్రాలో జూన్ అంటే చలికాలం, ఇది మామూలే. మా ఆవిడ దాన్ని వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టి, కరిగేదాకా కాఫీ తాగుతూ కూర్చుంటుంది. నాకు మాత్రం ఆ తెలుపు చూస్తే ఇప్పటికీ వెన్నులో వణుకు పుడుతుంది, అది చలివల్ల కాదు. నా ఈడువాళ్ళయితే నవ్వకుండా వింటారని చెబుతున్నాను.

మేము ఈ ఊరి హారిసన్ పేటలో దిగిన కొత్తలో లైట్ రైల్ అనే ట్రాము ఇంకా రాలేదు. ఉన్న ఒక్క కారూ పిల్లల బడికీ మా ఆవిడ ఉద్యోగానికీ సరిపోయేది కాబట్టి, నేను ఆఫీసుకు ఎలా వెళ్ళాలా అని తల పట్టుకుని కూర్చుంటే, పక్కింటి ఆంటీ తన భర్త సైకిలు తెచ్చి ఇచ్చింది. వాళ్ళది వరంగల్ వైపు. అంకుల్ ఆ వేసవి చివర్లో నిద్రలోనే పోయారు. ఎంత చలిలోనూ సైకిలు మానని మనిషి. ఇస్తూ ఆవిడ ఒక్కటే అడిగింది, చలికాలంలో దాన్ని మూల పడెయ్యొద్దని.

ఎందుకో తరవాత మా ఆవిడ ద్వారా తెలిసింది. మా ఇళ్ళ వెనక సైకిలు దారి ఆంటీ పడకగది కిటికీ పక్కనుంచి పల్లంలోకి దిగుతుంది. అక్కడ అంకుల్ తొక్కడం ఆపేస్తే వెనక చక్రం టిక్ టిక్‌మంటూ జారిపోయేదట, ఆ చప్పుడు విని ఆవిడ లేచి పొయ్యి వెలిగించేదట. ఆయన పోయాక, నాకు సైకిలు ఇవ్వడానికి తప్ప మంచం దిగనే లేదు, తిండి మానేసింది. దూరాన క్రాన్‌బర్న్ అనే ఊరి నుంచి కూతురు వచ్చి బతిమాలినా లేవలేదు. నేను ఆ దారిలో తొక్కడం మొదలుపెట్టాకే మళ్ళీ లేచి రెండు మెతుకులు వండుకుంది. ఒక మనిషి ప్రాణం ఆ చక్రం చప్పుడు మీద నిలబడిందని తెలిశాక దాన్ని పసిపిల్లలా చూసుకోక ఏం చేస్తాను? ఇంటికి రాగానే పాత బనీను గుడ్డతో తడంతా తుడిచి, బ్రేకు రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుక గీకి, చైనుకు నూనె చుక్కలు వేసేవాణ్ని. మా ఆవిడ హ్యాండిలుకు బొట్టు కూడా పెట్టింది.

ఆ పొద్దుల్లో పొగమంచు ఎలా ఉండేదంటే, ముందు చక్రం తప్ప మరేమీ కనిపించేది కాదు. దారి పక్క గడ్డిలో కంగారూలు కదలకుండా నిలబడి, నన్ను కాదు, నా వెనక్కి చూసేవి. పల్లం దాటి నేను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టినా, ఆ టిక్ టిక్ వెనకాల కాసేపు వినబడేది. మంచులో చప్పుడు ఆలస్యంగా చేరుతుందేమోనని సరిపెట్టుకునేవాణ్ని. చదువుకున్నవాడికి సాకులకు కొదవా?

ఒక ఆదివారం చైను నూనె అయిపోయింది. నేను కోనసీమవాణ్ని, తలనొప్పికీ కాలిన బొబ్బకీ కిర్రుమనే తలుపుకీ కొబ్బరినూనే మందని నమ్మి పెరిగినవాణ్ని. చైనుకూ, వెనక చక్రంలో ఆ చప్పుడు పుట్టే ఫ్రీవీలుకూ ధారాళంగా పోసేశాను. తెల్లారి చూస్తే పెడలు గిర్రున తిరుగుతోంది గానీ చక్రానికి పట్టడం లేదు. నూనె లోపలే గడ్డకట్టి పళ్ళన్నీ పట్టేసింది, చప్పుడన్నదే లేదు. సైకిలును గరాజులోనే వదిలి, ఆఫీసు మిత్రుడి కారెక్కి పోయాను. రోజంతా మనసు మనసులో లేదు. ఆంటీ ఎదురుచూసి చూసి మళ్ళీ మంచం పట్టేస్తుందేమోనని నా భయం.

సాయంత్రం సంజాయిషీ చెప్పుకుందామని వెళితే ఆవిడ కళకళలాడుతూ సకినాలు పెట్టింది.

"ఇయ్యాల పొద్దుగాల్నే పోయినవ్ గద బిడ్డా. మంచు బాగ పడ్డది. కిటికీ కాడ మెల్లగ పోయినవ్, అచ్చం మీ అంకుల్ లెక్కనే," అంది.

నేను కారులో పోయానని చెప్పకుండానే లేచి వచ్చేశాను. గరాజులోకి వచ్చి చూస్తే ఫ్రీవీలు మీద నూనె తెల్లగా అలాగే ఉంది. చక్రం చేత్తో తిప్పాను, చప్పుడు లేదు. కానీ ముందురోజు నా చేతులతో పొడిగా తుడిచిన టైర్లు రెండూ తడిగా ఉన్నాయి, స్పోకుల మధ్య పచ్చి యూకలిప్టస్ ఆకు ఒకటి ఇరుక్కుని ఉంది.

కిరోసిన్‌తో కడిగి, సరైన నూనె వేసి, ఆ తరవాత ఎన్నో చలికాలాలు తొక్కాను. వెనక చప్పుడు వినబడితే ఒక్కనాడూ తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమో, ఆగితే ఆంటీ ఏమైపోతుందో అని. భయం పోలేదు గానీ, భయంతో కాపురం అలవాటైంది.

ఆంటీ కూడా వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో ఎవరుంటున్నారో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకూ తెలియదు. ఇప్పటి కుర్రాళ్ళ కరెంటు సైకిళ్ళు చప్పుడు లేకుండా వెళ్ళిపోతాయి, ఎవరు ఎప్పుడు వెళ్ళారో ఎవరికీ పట్టదు. మన అలికిడి కోసం చెవులప్పగించి పడుకునే మనిషి ఒకరుండడం ఎంత భాగ్యమో ఆ రోజుల్లో నాకు తెలియలేదు. అంకుల్ సైకిలు మా గరాజు గోడకు వేలాడుతోంది, టైర్లలో గాలి లేదు.

కొబ్బరినూనె సీసా చూడకముందే, ఈ ఉదయం నాకు మెలకువ వచ్చింది ఆ చప్పుడుకే. ఆ చప్పుడు ఒకప్పటి ఆంటీ కిటికీ దగ్గర ఆగలేదు. మెల్లగా మా కిటికీ దాకా వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి పడుకుని ఉంటే, మా ఆవిడ నిద్రకళ్ళతో ఇటు తిరిగింది.

"ఇంత చలిలో సైకిలేంటండీ, ఎవరో పాపం," అంది.

ఎండ వచ్చాక వెళ్ళి చైను నూనె కొనుక్కొచ్చాను. గోడ మీదనుంచి దాన్ని దింపి, టైర్లకున్న తడి తుడిచి, గాలి కొట్టాను. తొక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. అయినా నూనె వేశాను, ఎక్కేవాళ్ళు ఇంకా ఉన్నారు గదా.