ముందుకు జరిగే సీటు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను టీకని లేచి వెళ్ళిపోయే రకం. మాది ఏలూరు దగ్గర పల్లె. నాన్న లెక్కల మాస్టారు, చర్చిలో పెద్ద. పోయినవాళ్ళు దేవుడి దగ్గరికి పోతారు కానీ మన దగ్గరికి రారని చెప్పేవారు. నేనూ అదే నమ్మాను. ఇప్పటికీ దాదాపు అదే నమ్ముతున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అందులో నేను చేసింది కూడా.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. మేం తార్నాకలో అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. యూనివర్సిటీ క్యాంపస్ దగ్గరే. టియర్ గ్యాస్ వదిలిన రోజు మా బాల్కనీలో ఆరేసిన బట్టలకి కూడా ఆ ఘాటు పట్టేది. నేను మందుల కంపెనీలో మేనేజర్ని. నా భార్య విమల మల్కాజ్‌గిరిలో టీచరు.

ఆ రోజుల్లోనే ఒక సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నాను. పెద్ద విదేశీ బండి. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. అమ్మినాయన బిల్డరు, ఆరడుగుల మనిషి. తను తప్ప ఎవరూ నడపలేదని చెప్పాడు. తోలు సీట్లు, పక్కనున్న బటన్ నొక్కితే ముందుకూ వెనక్కీ జరిగేవి. నేనూ పొడుగే. సీటు చివరిదాకా వెనక్కి జరుపుకుని కూర్చునేవాణ్ణి.

మాకు యాదగిరి అని డ్రైవరు ఉండేవాడు. అడిక్‌మెట్‌లో ఉండేవాడు. పొట్టిగా, సన్నగా ఉంటాడు. విమలకున్న చిన్న కారులో ఆమెను స్కూల్లో దింపేవాడు, రెండు బండ్లూ కడిగేవాడు. పెద్ద బండి స్టీరింగ్ మాత్రం పట్టుకోవద్దని చెప్పాను. లోపల తుడవడానికి ఒక తాళం అతని దగ్గర ఉండేది.

కొన్న రెండో వారంలో ఒక ఉదయం బండెక్కబోతే మోకాళ్ళు స్టీరింగ్ కింద ఇరుక్కున్నాయి. సీటు బాగా ముందుకు జరిగి ఉంది, ఎత్తు కూడా పెరిగి ఉంది. సర్దుకుని వెళ్ళిపోయాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. సీటు కింద అది జరిగే పట్టా మీద, ఆగి ఉన్న చోట చాక్‌పీసుతో గీత గీశాను. ప్రతి ఉదయం సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగి ఉండేది.

ఎవరో పొట్టివాళ్ళు నడుపుతున్నారనుకున్నాను. తాళం ఉన్న పొట్టివాడు ఒక్కడే. కిలోమీటర్ల రీడింగ్ రాసిపెట్టుకుని చూశాను, ఒక్క కిలోమీటరు కూడా తేడా లేదు. అప్పుడైనా ఆగాల్సింది. మీటరు కూడా తిప్పేస్తున్నాడనుకున్నాను.

ఒక ఉదయం సెల్లార్లో, పది మంది చూస్తుండగా, యాదగిరిని నిలదీశాను. నేను కాదన్నాడు. మీ వాళ్ళకి పరాయి సొమ్మంటే లెక్కలేదు, అందుకే రోడ్లెక్కి అరుస్తున్నారని అన్నాను. ఆ మాట అన్నది నేనే. కోపంలో జారింది కాదు, కావాలనే అన్నాను. అక్కడున్నవాళ్ళలో సగం మంది మా ఆంధ్రా వైపు వాళ్ళే, ఎవరూ నన్ను ఆపలేదు.

అతను అరవలేదు. "ఒక్కసారి నన్ను ఆ సీట్ల కూసోనియ్యండి సార్. నా మోకాళ్లు యాడికొస్తయో మీరే చూడండి," అన్నాడు.

సీటు అప్పుడు ముందుకే ఉంది. రెండు నిమిషాల పని. నేను కూర్చోనివ్వలేదు. తాళాలు అక్కడ పెట్టి వెళ్ళమన్నాను. మా వీధిలో డ్రైవరు కావాలన్న నలుగురికీ అతని పేరు చెప్పి జాగ్రత్త అని కూడా చెప్పాను. విమల వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మర్నాడు ఉదయం సీటు మళ్ళీ ముందుకే ఉంది.

రెండు తాళాలూ నా బీరువాలోనే ఉన్నాయి. అయినా అతను ఇంకో తాళం చేయించి ఉంటాడనుకున్నాను. షోరూమ్‌కి తీసుకెళ్ళాను. ఎలక్ట్రీషియన్ సీటు వైరు ఊడదీసి, నా ముందే టేపు చుట్టాడు. ఇక కరెంటు లేదు, కదలదన్నాడు. తెల్లారేసరికి కదిలింది. కరెంటు లేదు కాబట్టి దాన్ని వెనక్కి జరపడం నా వల్ల కాలేదు. అదే మనిషిని పిలిచి మళ్ళీ వైరు కలిపించాల్సి వచ్చింది. టేపు చుట్టింది చుట్టినట్టే ఉందని అతనే చూపించాడు. డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

నాలుగు నెలల తర్వాత, మిట్టమధ్యాహ్నం, తార్నాక చౌరస్తాలో స్టూడెంట్ల ర్యాలీ వెళుతుంటే బండి ఆపుకుని కూర్చున్నాను. కింద మోటారు మోగింది. నా చెయ్యి బటన్ మీద లేదు. సీటు నన్ను మోసుకుంటూ మెల్లగా ముందుకు జరిగింది. పొట్ట స్టీరింగ్‌కి తగిలింది. ఆగలేదు. ఛాతీ నొక్కుకుపోయి హారన్ మోగడం మొదలైంది.

ర్యాలీ మొత్తం నా వైపు తిరిగింది. ఖరీదైన బండి, లోపల నేను, ఆగని హారన్. బానెట్ మీద గుద్దారు. ఒకడు అద్దంలోంచి చూసి, "ఇరుక్కున్నడురా, గుంజున్రి," అన్నాడు. ముగ్గురు కలిసి నన్ను పక్కకి లాగారు. రెండు పక్కటెముకలు చిట్లాయి. పరాయి సొమ్మంటే లెక్కలేదని నేనన్నది వీళ్ళ గురించే. రోడ్డు పక్కన పడుకోబెట్టి నీళ్ళు తాగించారు.

బండిని టోయింగ్ వాళ్ళు తెచ్చి సెల్లార్లో పెట్టారు. సీటు గీత దగ్గరే ఉంది.

అప్పుడు నాకొచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. యాదగిరి ఏదో చేయించాడనుకున్నాను. దయ్యాల్ని నమ్మని నేను చేతబడిని నమ్మాను. కట్టుతోనే విమల కార్లో అడిక్‌మెట్ వెళ్ళాం. తలుపు తీసింది అతనే. ఎడమ కన్ను ఉండాల్సిన చోట ముడత పడిన చర్మం ఉంది.

డ్రైవరు పని ఎవరూ ఇవ్వకపోతే అద్దె ఆటో తీసుకున్నాడట. క్యాంపస్ గేటు దగ్గర గొడవలో చిక్కుకుంటే రాయి తగిలిందట. అటు నుంచి వచ్చిందో ఇటు నుంచి వచ్చిందో తెలియదన్నాడు. వైద్యం ఎక్కడ చేయించావని విమల అడిగింది. నేను మాత్రం వచ్చిన పని చెప్పాను. బండికి ఏం చేశావో వచ్చి తీసెయ్యమన్నాను.

అతను చెప్పులేసుకుని మాతో వచ్చాడు.

సెల్లార్లో బండి తలుపు తెరిచి, ఎవరినీ అడక్కుండా సీట్లో కూర్చోబోయాడు. కుదరలేదు. మోకాళ్ళు స్టీరింగ్ కింద అడ్డంగా ఇరుక్కున్నాయి. పాదం లోపలికి పెట్టడానికి చోటు లేదు. తలుపు మూయలేకపోయాడు. అతనికంటే జానెడు పొట్టి మనిషైతే తప్ప ఆ సీట్లో పట్టరు.

"ఇండ్ల నేను పడతనా సార్?" అన్నాడు.

ఆ రోజు నేను అతన్ని నిలదీయడం చూసిన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా అక్కడే ఉన్నాడు. నా నోట సారీ రాలేదు. రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాను.

"యే కన్నుతోని నడపాలె సార్?" అని దిగి, గేటు దాటి నడిచి వెళ్ళిపోయాడు. తర్వాత విమల రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఊరికి వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు.

బండి అమ్మకానికి పెట్టాను. ఒక ఆదివారం భార్యాభర్తలు చూడ్డానికి వచ్చారు. ఇద్దరూ డాక్టర్లు. వాళ్ళు వచ్చే ముందు నేనే సీటు చివరిదాకా వెనక్కి జరిపి, తాళం వేసి, తాళం జేబులో పెట్టుకున్నాను. తలుపు తీసేసరికి సీటు ముందుకుంది.

ఆవిడ బాగా పొట్టి. ఎక్కి కూర్చుంది. పాదాలు పెడల్స్ మీద హాయిగా ఆనాయి. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి నవ్వింది.

"ఏ బండెక్కినా నేను వీపు వెనక దిండు వేసుకోవాలండి. ఇది నా కోసం కొలత తీసినట్టుంది," అంది.

విమల నా వైపు చూసింది. నేను కాగితాల మీద సంతకం పెట్టి తాళాలు ఆవిడ చేతికిచ్చాను. సీటు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే కొనేవారు కాదు.

కరెంటు లేని సీటు ఎలా కదిలిందో, నాతో కలిపి ఎందుకు కదిలిందో, అన్ని నెలలు ఆ కొలతలో ఎవరి కోసం ఆగిందో నాకు తెలియదు. ఆవిడ ఫోన్ నంబరు నా దగ్గరుంది. ఎలా ఉన్నారని అడిగితే సరిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చేయలేదు.