ఆనంద్ పాల్ గారి హస్తవాసి

తాడేపల్లిగూడెంలో ఎవరి లాప్‌టాప్ మీద ఏది ఒలికినా ఆనంద్ పాల్ దగ్గరికి తీసుకెళ్ళమంటారు. ఆయన హస్తవాసి అలాంటిదట. కాఫీ పడి చచ్చినదాన్ని కూడా లేపి కూర్చోబెడతాడట. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ చెయ్యి ఈ ఆరేళ్ళలో అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న పాపాన పోలేదు. అది పట్టుకునేవి టీ గ్లాసూ, సెల్‌ఫోనూ, అప్పుడప్పుడూ బిల్లు పుస్తకమూ.

ఐరన్ పట్టుకునే మనిషి కర్టెన్ వెనకాల ఉంటుంది. పేరు ప్రసన్నకుమారి. ఆనంద్ పాల్ భార్య. వాళ్ళ నాన్న సుందరరావు దెందులూరులో రేడియోలు, ఆ తరవాత టీవీలు బాగుచేసేవాడు. తొమ్మిదో ఏటికే ఈమె చేతిలో ఐరన్ పెట్టి, "చెయ్యి వణికితే ఆగు, తొందరపడకు" అని నేర్పాడాయన. ఆ చేతులతోనే ఇప్పుడు చీమ తలకాయంత ముక్కల్ని బోర్డు మీంచి ఊడదీసి, కొత్తవి అతుకుతుంది. షాపు బోర్డు మీద మాత్రం ఉన్నది ఆయన పేరు.

షాపు పెట్టిన కొత్తలో ఇద్దరూ కలిసి అనుకున్న మాటే అది. ఆడమనిషి చేస్తుందంటే ఎవరూ వస్తువు ఇవ్వరు, కొన్నాళ్ళు ఇలా నడవనీ అన్నాడు ఆనంద్ పాల్. సరేనంది. ఆ కొన్నాళ్ళు ఆరేళ్ళయ్యాయి. మధ్యలో ఆయన కూడా ఆ హస్తవాసిని నమ్మడం మొదలుపెట్టాడు. చర్చిలో ఎవరైనా మెచ్చుకుంటే, అంతా దేవుని కృప అంటూ తల వంచుకునేవాడు. పక్కనే కూర్చున్న భార్య, ఆ కృపలో తనకేమైనా వాటా ఉందేమోనని చూసేది. ఉండేది కాదు. ఇంటికెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా తోమేది.

ఆమె ఆయనకు పెట్టిన షరతు ఒక్కటే. తడిసిన లాప్‌టాప్ వస్తే తను చూసేదాకా స్విచ్ నొక్కకూడదు. తడి వల్ల సగం పాడైతే, ఆ తడిలో కరెంటు పారితే మిగతా సగం పోతుంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కౌంటర్ అద్దం కింద పెట్టింది కూడా.

ఆగస్టులో ఒక మంగళవారం ప్రసన్నకుమారి కూతురి స్కూల్లో మీటింగుకి వెళ్ళింది. అప్పుడే సీతారత్నం గారు వచ్చారు. భీమడోలు అవతల, కొల్లేరు వైపు ఊళ్ళో చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న గది నడుపుతారావిడ. ఏ చెరువులో ఎప్పుడు ఉప్పు పెరిగింది, ఎప్పుడు నీళ్ళలో గాలి తగ్గి చేప పైకి తేలింది, ఎనిమిదేళ్ళ లెక్కలన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. వేరేచోట దాచుకోలేదు. ముందురోజు దానిమీద మంచినీళ్ళు పడ్డాయని, రాత్రంతా పక్కింటి కోళ్ళఫారంలో కోడిపిల్లలకు పెట్టే వేడి బల్బు కింద ఆరబెట్టి తెచ్చానని చెప్పారు. పొడిగా ఉందిగా అనుకున్నాడు ఆనంద్ పాల్. ఆవిడ కళ్ళముందే తన చెయ్యి పడగానే అది వెలిగితే ఎంత బాగుంటుందో కూడా అనుకుని ఉంటాడు. నొక్కాడు. ఒక్క క్షణం వెలిగి, చిటపటమని, కాలిన వాసన కొట్టి ఆరిపోయింది. ఆవిడ బ్యాగులో డబ్బాలు సర్దుకునే హడావుడిలో అది చూడనూ లేదు, వాసన పట్టించుకోనూ లేదు. చూసుకుని ఫోన్ చేస్తానని ఆమెను పంపేశాడు.

ప్రసన్నకుమారి వచ్చేసరికి ఆ వాసన ఇంకా పోలేదు. ఏమైందని అడిగితే సీతారత్నం గారు చెప్పినదంతా చెప్పి, స్విచ్ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన కాలెండర్ వైపు చూశాడు. ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికి తీసుకెళ్ళి, వెనక మూత ఊడదీసి, బ్యాటరీ తీగ పీకింది. బోర్డు మీద జిగురుజిగురుగా తేనెరంగు మరకలు. మంచినీళ్ళట, మంచినీళ్ళు. మూత తియ్యగానే గుప్పుమన్న పులిసిన బెల్లం వాసన ఆమెకు తెలుసు. చెరువుల్లో పొయ్యడానికి రైతులు బెల్లం, తవుడు కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టే నీళ్ళవి. బల్బు కింద పెట్టేసరికి పాకంలా గట్టిపడింది. ఆ మోడల్లో లెక్కలు దాచే చిప్ కూడా బోర్డుకే అతికి ఉంటుంది, విడిగా తియ్యడానికి లేదు. బోర్డు పోతే ఎనిమిదేళ్ళూ పోయినట్టే. ఆ పులుపు రాగిని తినెయ్యకముందే కడగాలని స్పిరిట్ బాటిల్ మూత తీసింది. సరిగ్గా అప్పుడే కర్టెన్ అవతల ఆయన సీతారత్నం గారితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఏం చెప్పమంటారండీ, నేను లేని టైములో మా ఆవిడ కంగారుపడి స్విచ్ నొక్కేసిందండి. ఆడవాళ్ళకి ఏం తెలుస్తుందండీ."

ప్రసన్నకుమారి బాటిల్ మూత మళ్ళీ బిగించింది.

ఇన్నాళ్ళూ బాగైనవన్నీ ఆయనవి. కాలిపోయిన ఈ ఒక్కటీ ఆమెది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా? ఒళ్ళంతా నిప్పులు పోసినట్టయింది. అయినా ఆమె అరవలేదు. దెందులూరు వైపు మనుషులకు కోపం ఎక్కువైనకొద్దీ మర్యాద పెరుగుతుంది. ఆనంద్ పాల్ లోపలికి రాగానే కుర్చీ జరిపి కూర్చోమంది. మంచినీళ్ళు కావాలా అని అడిగింది. అప్పుడే ఆయనకు భయం వేసింది.

"ఏవండీ, సీతారత్నం గారిని రమ్మనండి. స్విచ్ ఎవరు నొక్కారో మీ నోటితో ఆవిడకు చెప్పండి. మీరు చెప్పేదాకా నేను దీన్ని ముట్టుకోనండి."

ఆయన నవ్వబోయాడు. తరవాత బతిమాలాడు. షాపు పరువు అన్నాడు, పిల్ల ఫీజులన్నాడు, ఇంత చిన్న మాటకా అన్నాడు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బోర్డు ఎదురుగానే ఉంది. ఒక మూల రాగి చిలుము పచ్చగా పేరుకోవడం కనిపిస్తూనే ఉంది. ఏ బోర్డునూ ఆమె అలా వదిలెయ్యలేదు ఎప్పుడూ. చేతులు పీకుతున్నాయి. అయినా కదల్లేదు. ఆవిడ లెక్కలు ఏమైపోతాయోనని దిగులు ఒక పక్క, ఆ దిగులును కూడా తననే మొయ్యమంటున్నాడే అన్న కోపం ఇంకో పక్క. కోపమే గెలిచింది.

మూడున్నరకు సీతారత్నం గారు బస్సు దిగి వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది. ఏడ్చినట్టున్నారు. ఆనంద్ పాల్ కౌంటర్ అద్దం తుడుస్తూ, వెనక్కి ఒకసారి చూసి, ఇక తప్పదని గొంతు సవరించుకున్నాడు.

"స్విచ్ నొక్కింది నేనేనండి. మా ఆవిడ కాదు."

సీతారత్నం గారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎంత మంచివారండీ మీరు. భార్య చేసిన తప్పు కూడా మీ మీద వేసుకుంటున్నారు. ఈ రోజుల్లో ఎవరుంటారండీ ఇలాగ."

ఆనంద్ పాల్ నోరు తెరిచాడు. కాదని చెప్పడానికి తెరిచాడో, ఆ మెప్పు కాసింత మింగడానికి తెరిచాడో ఆ దేవుడికే తెలియాలి. తెరిచిన నోరు మూసుకుని మళ్ళీ అద్దం తుడిచాడు. కర్టెన్ వెనకాల ప్రసన్నకుమారికి కళ్ళు బైర్లు కమ్మాయి. నిజం చెప్పించినా అది కూడా ఆయన గొప్పతనంలోనే కలిసిపోయింది. ఇక మాటలతో పని లేదు. కర్టెన్ పక్కకు లాగి బయటికి వచ్చింది.

"లోపలికి రండి. ఆ స్టూల్ మీద కూర్చోండి. అయిపోయేదాకా లేవకండి" అంది. ముందటి మర్యాద ఆ గొంతులో లేదు. ఆవిడ భయపడి కూర్చున్నారు.

బ్రష్‌తో కడగడం మొదలుపెట్టి, తలెత్తకుండానే, ఇది మంచినీళ్ళు కాదు, బెల్లం నీళ్ళు, దగ్గర దగ్గర పది రోజులు పులిసినవి, నిజం చెప్పి ఉంటే తొందరగా అయ్యేది అంది. సీతారత్నం గారు సిగ్గుపడ్డారు. చెప్తే తిడతారేమోనని చెప్పలేదట, డ్రమ్ము మూత తన చేతిమీంచే జారిందట. ప్రసన్నకుమారి ఊ కొట్టలేదు, ఓదార్చలేదు. కడిగిందే మళ్ళీ కడిగింది. మీటరు ముల్లు పెట్టి ఎక్కడ కాలిందో వెతికింది. ఒకచోట మీటరు కుయ్యిమని కూసింది, కాలింది అక్కడే. భూతద్దం కిందకు వంగి, ఊపిరి బిగబట్టి, నువ్వుగింజకన్నా చిన్న ముక్కను ఊడదీసింది. చెడిపోయిన వేరే బోర్డు మీంచి అలాంటిదే తీసి అక్కడ అతికింది. ఐరన్ బోర్డును తాకిన ప్రతిసారీ సీతారత్నం గారు కళ్ళు మూసుకున్నారు. ప్రసన్నకుమారి మాత్రం రెప్ప వెయ్యలేదు, చెయ్యి వణకలేదు.

రెండున్నర గంటలు పట్టింది. ఆరబెట్టి, మళ్ళీ మీటరు పెట్టి చూసి, మరోసారి చూసి, అప్పుడు గానీ స్విచ్ మీద వేలు పెట్టలేదు. తెర వెలిగింది. చెరువుల పేర్లు, తేదీలు వరసగా దిగాయి. ఎనిమిదేళ్ళూ ఉన్నాయి.

సీతారత్నం గారు లాప్‌టాప్ అందుకోలేదు. ఆ బల్ల వైపు, ఆ చేతుల వైపు చూశారు. తరవాత లేచి కర్టెన్ పక్కకు జరుపుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళారు. లోపల ప్రసన్నకుమారికి ప్రతి మాటా వినిపించింది.

"ఏవండీ ఆనంద్ పాల్ గారూ, స్విచ్ నొక్కింది మీరేనన్నమాట."

అవునండి, అన్నాడాయన. ఈసారి ఆవిడ ఆయన్ని మంచివారనలేదు.