ఇగ్నాత్ ఇంటికి మొదటి అడుగు

నవంబరు రెండో వారంలో వెలిచ్కా పిన్ని తన ఫోను ఆపేసి బొత్తాల డబ్బాలో పడేసింది. పాత కోట్ల నుంచి కోసి దాచిన పెద్ద బొత్తాల అడుగుకి దాన్ని తోసి, మూత బిగించి, డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచు నెదా. ఏడ్చి అడిగినా ఇవ్వకు."

నేను తల ఊపాను. నాకు మాటలు తక్కువ. ఎనిమిదో తరగతిలో బడి మానేశాక ఆమె కుట్టు కొట్టులో చేరాను. ఆరేళ్ళుగా అక్కడే జిప్పులు మారుస్తున్నాను, పంట్లాల అంచులు కుడుతున్నాను. ఆమె మాట్లాడుతుంది, నేను వింటాను. ఇద్దరికీ అలా కుదిరింది.

ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. భర్త పోయి పదేళ్ళయింది, పిల్లలు లేరు. ఫోను ఎప్పుడూ దారపు ఉండల పక్కన, మిషనుకి ఆనించి నిలబెట్టి ఉండేది. ఫేస్‌బుక్‌లో 'మన ఊరి కబుర్లు' అనే గ్రూపుని మొదలుపెట్టింది ఆమే, నడిపేదీ ఆమే. ఏ వీధికి నీళ్ళు రావో, ఎవరి కుక్క తప్పిపోయిందో, ఎవరు పోయారో ముందుగా అక్కడే తెలిసేది. చనిపోయినవాళ్ళ ఫొటోతో స్తంభాలకి కాగితం అంటించేలోపే పిన్ని గ్రూపులో కొవ్వొత్తి బొమ్మ వెలిగిపోయేది. పొద్దున్నే కాలెండరు చూసి, ఆ రోజు ఏ పునీతుడి పేరు మీద ఉందో ఆ పేరున్న వాళ్ళందరికీ ఒకే పువ్వుల బొమ్మ పంపేది. కింద ఒకటే మాట: "ఆరోగ్యం, ఆనందం!"

మాకు పుట్టినరోజు కన్నా పేరు రోజే పెద్దది. ఆ రోజుకి ఎవరినీ పిలవరు. తలుపు తీసి ఉంటుంది. రావాలనుకున్నవాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళని ఎంత పగ ఉన్నా గుమ్మంలోంచి వెనక్కి పంపకూడదు. ఈ మధ్య మనుషులు రావడం తగ్గి, బొమ్మలు రావడం ఎక్కువైంది.

ఫోను డబ్బాలోకి వెళ్ళడానికి కారణం ఇగ్నాత్.

ఆయన ఇరవై రెండేళ్ళుగా మా ఊరి బస్సు నడిపాడు. పిన్నికి బడిలో పక్క బెంచీవాడు. మా కొట్టు కిటికీకి ఎదురుగానే బస్సు ఆగుతుంది. ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి జనం దిగి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, చివరగా ఆయన దిగాడు. మెట్టు మీద తూలాడు. బస్సుని పట్టుకుని నాలుగు అడుగులు వేసి కాలిబాట అంచున కూలబడ్డాడు.

"చూడవే, చూడు! టిఫిను బదులు సారా పట్టించినట్టున్నాడు," అంటూ పిన్ని ఫోను ఎత్తింది. కిటికీలోంచే వీడియో తీసి గ్రూపులో పెట్టింది. కింద రాసింది: "మన పిల్లల్ని రోజూ బడికి చేర్చే చేతులు ఇవేనమ్మా."

నేను తలెత్తి చూశాను. ఆయన నోరు ఒక పక్కకి జారి ఉంది. మా నాన్న తాగుతాడు, తాగినవాడి నోరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలా ఉండదు. చెబుదామనుకున్నాను. పిన్ని నవ్వుతోంది, ఫోను ఆగకుండా మోగుతోంది. నేను మళ్ళీ జిప్పు మీదికి వంగాను.

నలభై నిమిషాలు గడిచాయి. అటుగా పోయేవాళ్ళందరూ అప్పటికే వీడియో చూసేశారు. ఒకరు "లేవయ్యా ఇగ్నాత్, మీ ఆవిడ అప్పడాల కర్ర పట్టుకుని వెతుకుతోంది!" అని అరిచి పోయారు. చివరికి ఉత్తరాలు పంచే ఆమె దగ్గరకు వెళ్ళి భుజం తట్టింది. అప్పుడు తెలిసింది ఆయనకి మాట రావడం లేదని. మెదడులో నరం మూసుకుపోయిందట. అరగంట ముందు తెచ్చుంటే చెయ్యి దక్కేదని ఆసుపత్రిలో అన్నారట. మాట నెమ్మదిగా తిరిగి వచ్చింది. కుడి చెయ్యి రాలేదు. ఇప్పుడు బస్సు వేరే ఊరివాడు నడుపుతున్నాడు.

పిన్ని వీడియో తీసేసింది. కానీ అది అప్పటికే ఎవరెవరి దగ్గరో ఉంది. "నీ తప్పేముంది వెలిచ్కా, ఎవరైనా అలాగే అనుకుంటారు" అని రాసినవాళ్ళ మాటలు చదివి చదివి, మూడో రోజు ఫోను తెచ్చి డబ్బాలో పడేసింది.

మొదటి రోజుల్లో ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. కుడుతూ కుడుతూ ఎడమ చెయ్యి దారపు ఉండల దగ్గరికి వెళ్ళి, ఖాళీ చోటు తాకి, వెనక్కి వచ్చేది. రెండుసార్లు సూది వేలిలో దిగింది. ఎవరు పోయారో తెలియక, సాయంత్రం ఇంటికి వెళ్తూ స్తంభం స్తంభం దగ్గరా ఆగి కాగితాలు చదువుకునేది. ఊళ్ళోవాళ్ళకి అది వింతగా ఉంది. పక్కనే సిగరెట్లూ పత్రికలూ అమ్మే మిత్రా రోజుకి మూడుసార్లు గుమ్మంలో నిలబడేది.

"ఏం వదినా, సన్యాసం పుచ్చుకున్నావా? గ్రూపు తాళాలు నాకిచ్చెయ్యరాదూ?"

"పట్టుకుపో."

"అయ్యో, నిజంగానే అంటోంది! నెదా, మీ పిన్నికి జ్వరమేమో చూడవే."

పన్నెండో రోజున పిన్ని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "డబ్బా ఇవ్వు."

"ఇవ్వద్దన్నావు కదా పిన్నీ."

"అన్నాను. గ్రూపులో నన్ను ఏమంటున్నారో ఒక్కసారి చూస్తా. ఇవ్వు."

ఇచ్చాను. ఆమెకి ఎదురు చెప్పడం నాకు రాదు. బొత్తాలు బల్ల మీద ఒలికాయి. ఆమె చాలాసేపు వేలితో పైకీ కిందికీ జరుపుతూ చూసింది.

"ఏమీ లేదే," అంది. "నా గురించీ లేదు, ఇగ్నాత్ గురించీ లేదు. పై వీధి నీళ్ళ గొట్టం ఎవరు పగలగొట్టారని కొట్టుకు చస్తున్నారు."

"మంచిదే కదా పిన్నీ?"

"తిట్టినా బాగుండేది." ఫోను ఆపేసి తనే డబ్బాలో పెట్టింది. బొత్తాలు ఒక్కొక్కటే ఏరి దాని మీద వేసింది. "ఊరంతా మర్చిపోయింది. ఆ ఒక్క ఇంట్లోనే ఇంకా ఉంది అది."

అప్పటి నుంచి ఆమెకి ఒకటే ధ్యాస, ఇగ్నాత్ ముందు నిలబడాలి. రెండుసార్లు ఆయన సందు మొదటి దాకా వెళ్ళి తిరిగి వచ్చేసింది. ఆయన భార్య దోన్కా తలుపు మొహాన వేస్తుందేమోనని భయం. తలుపు వెయ్యకూడని రోజు ఏడాదికి ఒక్కటే ఉంది. డిసెంబరు ఇరవై, ఇగ్నాత్ పేరు రోజు.

చిక్కంతా ఆ రోజుతోనే. ఆ రోజున ఇంట్లో ఎవరు మొదట అడుగు పెడితే వాళ్ళని బట్టే ఆ ఇంటి ఏడాదంతా నడుస్తుందని మా నమ్మకం. చేతి చలువ ఉన్న మనిషి ముందు రావాలని పెద్దవాళ్ళు ముందుగానే ఏర్పాటు చేసుకుంటారు. అందుకే పిన్ని ఒక లెక్క వేసుకుంది. ముందు ఎవరో ఒకరు వెళ్తారు, పది మంది చేరాక తనూ వాళ్ళ మధ్య దూరి వెళ్తుంది. తెల్లవారుజామునే లేచి గుమ్మడికాయ తురుము పెట్టి చుట్టిన తీపి రొట్టెలు కాల్చింది. పళ్ళెం మీద గుడ్డ కప్పి కొట్టుకి తెచ్చింది. మా కిటికీలోంచి ఇగ్నాత్ సందు మొదలు కనిపిస్తుంది. ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. సందులోకి ఒక పిల్లి వెళ్ళింది.

పదిన్నరకి పిన్ని మిత్రాని పిలిచింది. "నువ్వు ఇగ్నాత్ ఇంటికి వెళ్ళవా?"

"నేనా? పొద్దున్నే పువ్వుల బొమ్మ పెట్టేశాగా. నీదే వదినా, ఎప్పుడూ పెడతావే, దానిమ్మపళ్ళ పక్కన గులాబీలు, అదే. నలభై మంది పెట్టారు." మిత్రా గొంతు తగ్గించింది. "అయినా ఈ పూట ఆ ఇంటికి మొదట ఎవరు వెళ్తారమ్మా? రేపు ఆయనకి ఇంకేదన్నా అయితే, ఫలానావాళ్ళు గడప తొక్కారు, అందుకే అంటారు."

మిత్రా వెళ్ళిపోయింది. పిన్ని పళ్ళెం మీది గుడ్డ సర్దింది, మళ్ళీ సర్దింది. పన్నెండు కొట్టాక కోటు వేసుకుంది.

"నువ్వు వెనక నడువు. గడప ముందు నేనే దాటాలి, ఆ నింద నీకు అంటుకోకూడదు."

దారిలో ఆమె వంగి ఒక ఎండు పుల్ల ఏరుకుంది. మొదట వచ్చేవాళ్ళు ఉత్త చేతులతో రాకూడదు. పుల్లతో పొయ్యి కదిపి దీవించాలి.

దోన్కా తలుపు తీసింది. ఎర్రటి కొత్త ఏప్రను కట్టుకుని ఉంది. ఆమె వెనక బల్ల మీద పది మందికి గ్లాసులు పెట్టి ఉన్నాయి. ఒక్కటీ కదిలి లేదు.

"నువ్వా," అంది. "ఈ ఏడాదికి మాకు నువ్వే దొరికావా?"

లోపలి నుంచి ఇగ్నాత్ గొంతు వచ్చింది, ముద్దముద్దగా, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ. "ఎవరే?"

"వెలిచ్కా."

"గడప తొక్కేసిందా?"

దోన్కా కిందికి చూసింది. పిన్ని కుడి బూటు అప్పటికే గడప మీద ఉంది. "తొక్కేసింది."

"మరింకేం చేస్తాం. రానీ."

పిన్ని పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పుల్లతో నిప్పులు కదిపింది. "ఎన్ని రవ్వలో అన్ని కోడిపిల్లలు, అన్ని గొర్రెపిల్లలు, అంత..." అని ఆగిపోయింది. తరవాతి మాట ఆరోగ్యం. పదకొండేళ్ళు బొమ్మల కింద రాసిన మాట. అది ఆమె గొంతులోంచి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక వినపడీ వినపడకుండా వచ్చింది.

ఆమె లేవబోయింది. "కూర్చో," అంది దోన్కా. "మొదట వచ్చిన మనిషి లేచి తిరిగితే కోళ్ళు గుడ్ల మీద కూర్చోవు."

"ఇగ్నాత్, నేను ఆ రోజు..."

"వద్దు," దోన్కా అడ్డం వచ్చింది. "ఇవాళ ఈ ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వం. ఉప్పు ఇవ్వం, నిప్పు ఇవ్వం. నువ్వు అడగబోయేది కూడా ఇవ్వం."

పిన్ని తల వంచుకుంది. ఇగ్నాత్ ఎడమ చేత్తో గ్లాసు ఎత్తి ఆమె ముందుకి జరిపాడు. కొంచెం ఒలికింది. కుడి చెయ్యి ఆయన ఒళ్ళో, అల్లిన చేతితొడుగులో ఉంది.

"ఆ రోజు నీ కిటికీ నాకు కనిపిస్తూనే ఉంది వెలిచ్కా," అన్నాడు. "నువ్వు ఫోను ఎత్తావు. హమ్మయ్య, వెలిచ్కా చూసింది, అంబులెన్సుకి ఫోను చేస్తోంది అనుకున్నా. అందుకే కదలకుండా కూర్చున్నా."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. పిన్ని ఏడవలేదు. గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది. నేను గోడవైపు చూస్తూ, ఆ రోజు నేనూ కిటికీలోంచి చూశానని చెప్పడానికి మాట కోసం వెతికాను. దొరకలేదు. నా వంతు తప్పు ఇంకా నా దగ్గరే ఉంది.

మూడింటి దాకా ఉన్నాం. ఇంకెవరూ రాలేదు. ఇగ్నాత్ ఆ రొట్టెల్లో ఒకటి ఎడమ చేత్తో తిన్నాడు. చక్కెర తక్కువైందన్నాడు. వచ్చేటప్పుడు పిన్ని ఖాళీ అయిన తన పళ్ళెం కోసం చెయ్యి చాపింది. దోన్కా దాన్ని వెనక్కి లాక్కుంది.

"చెప్పాను కదా. ఇవాళ ఏదీ బయటికి వెళ్ళదు. పళ్ళెం కావాలంటే రేపు రా."

మర్నాడు పొద్దున పిన్ని మిషను దగ్గర కూర్చోలేదు. కోటు విప్పనే లేదు. నేను బొత్తాల డబ్బా వైపు చూశాను. ఆమె చూడలేదు. బయటికి వెళ్ళి, బస్సు ఆగే చోట కాలిబాట అంచు దగ్గర నిలబడింది. అక్కడి నుంచి మా కిటికీ వైపు తిరిగి, ఇగ్నాత్ ఆ రోజు ఏం చూశాడో చూస్తున్నట్టు చాలాసేపు చూసింది. లోపల నేను కనిపించానో లేదో తెలియదు. తరవాత ఉత్త చేతులతో, తల వంచుకుని, సందులోకి నడిచింది.