ఆయన రాయనన్న మాట

సంగారెడ్డి కలెక్టరాఫీసు గోడ పక్కన కూర్చుని అర్జీలు రాసే పెద్దాయన పోయారని సోమవారం పొద్దున తెలిసింది. పక్కనున్న జిరాక్సు షాపామె ఫోన్ చేసి, "సార్ పోయిండమ్మా" అంది.

రాయడం నాకూ వచ్చు. కానీ ఆఫీసు కాగితం ఆయన రాస్తే పని జరిగేది. వేలిముద్రవాళ్లకైనా, నాలాంటి రిటైర్డు టీచర్లకైనా రాసింది పైకి చదివి, "మీరు చెప్పింది ఇదేనా?" అని అడిగాకే కాగితం చేతికిచ్చేవారు. ఎవరైనా కోపంతో ఊగిపోతూ వస్తే పెన్నుకు మూతపెట్టి చాయ్ తెప్పించేవారు.

ఒకసారి ఇస్నాపూర్‌లో మా ఇంటి నీళ్ల మోటారు కనబడలేదు. పైగదిలో కిరాయికున్న ఒడిశా కార్మికుడే ఎత్తుకుపోయాడని వీధిలో చెప్పి, ఫిర్యాదు రాయించడానికి వెళ్లాను.

"మీరు సూసిన్రా అమ్మా?"

"చూడాలా ఏమిటి? వాళ్లంతా అంతేనండీ."

"వాళ్లంతా అంటే ఎందరు? పేర్లు చెప్పున్రి, వరుసగా రాస్త."

ఒళ్లు మండింది. "నేను చెప్పింది రాయండి" అన్నాను.

"రాయనమ్మా. ఈ మాట ఠాణాకు పోతే రేపు కంపెనీ గేటుకాడ్నే ఆయనను ఆపేస్తరు. నోటి మాటను మల్ల మింగొచ్చు, కాగితం మీది మాటను ఎట్ల మింగుతరు?"

చివరకు "మోటారు కనబడుట లేదు. ఎవరు తీసినదీ నాకు తెలియదు" అని రాసి చదివారు. సంతకం పెట్టాను.

ఠాణాకు వెళ్లేముందు ఇంటికొస్తే, మెకానిక్ మోటారును వాకిట్లో దించుతున్నాడు. కాలిపోయిందని మావారే పొద్దున బాగుచేతకు పంపారట. నాకు చెప్పడం మరిచారు.

మర్నాడు వెళ్లి ఆయనకు చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"పైగది ఆయనతోని చెప్పిన్రా?"

"అర్జీలో అతని పేరు లేదు కదండీ."

"అర్జీల లేదు. వీధిల ఉన్నది గదమ్మా."

అంత మెత్తగా నన్ను మందలించినవారు మరొకరు లేరు.

అతనే దొంగని ఏడిళ్లలో అన్నాను. ఆ సాయంత్రం ఏడిళ్లకూ వెళ్లి, నేనన్నది తప్పని చెప్పాను. తర్వాత మెట్లెక్కాను. అతను డ్యూటీ బట్టలు ఉతికి ఆరేస్తున్నాడు. నాకొచ్చిన హిందీలో "గల్తీ మేరీ హై", తప్పు నాదే అన్నాను. పక్కనున్న బకెట్టు బోర్లించి, భుజం మీది తువాలుతో తడి తుడిచి, కూర్చోమని నా ముందుకు జరిపాడు.