ఆరున్నర శ్రుతి

ఇన్నేళ్లూ ఈ మాట గొంతులోనే పెట్టుకుని తిరిగాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రాజమండ్రిలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాణ్ణి. తొంభైల చివర్లో మా సమాజం ఒక కొత్త నాటకం తలపెట్టింది. కథంతా రాణి వేషం మీదే నడుస్తుంది. ఆమె పద్యం చివర రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అనాలి. నా దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్న శిష్యురాలు ఒకమ్మాయి ఉంది. వేషం తనదేనని ఊరంతా చెప్పుకున్నాను.

అంతలో వేషాల ఎంపిక రోజున పెనుగొండ వైపు నుంచి మేరీ అని ఒక టీచరమ్మ వచ్చింది. చర్చిలో పాడే పిల్ల. తన వంతు వచ్చేదాకా ఓ మూల నిలబడి కూనిరాగం తీసుకుంటోంది. నా శిష్యురాలు జన్మంతా సాధన చేసినా అక్కడికి చేరదని అప్పుడే తెలిసిపోయింది. సంతోషించాల్సింది. ఒళ్లు మండింది.

"మీ శ్రుతెంతమ్మా?" అన్నాను.

"తెలీదండి. చర్చిలో కీబోర్డు వాయించే అన్నయ్యగారే చూసుకుంటారండి. మీరెంత ఇస్తే అందులోనే పాడతానండి."

ఐదు శ్రుతి ఆమెకు హాయిగా సరిపోతుంది. ఆ కూనిరాగంలోనే పట్టేశాను. అయినా అంతకంటే బాగా ఎత్తున, ఆరున్నర ఇచ్చాను. కింది స్వరాల్లో బాగానే పాడింది. రాగం పైకి వెళ్లేసరికి గొంతు చీలిపోయింది. మంచినీళ్లు తాగి మళ్లీ పాడతానంది. మళ్లీ ఆరున్నరే ఇచ్చాను. డైరెక్టరుగారు అభినయం చూస్తారు, శ్రుతి సంగతి నాకే వదిలేస్తారు. ఆయన నా వైపు చూస్తే పెదవి విరిచాను. అంతే. వేషం నా శిష్యురాలికి వచ్చింది. నాటకం నాలుగు ఊళ్లు తిరిగి ఆగిపోయింది. ఒక్కచోట కూడా వన్స్‌మోర్ పడలేదు.

ఎందుకు చేశాను? గురువుగా నా పరువు కోసమా, లేక నేను నేర్పని విద్య ఎవరి గొంతులోనో అంత సుళువుగా పలకడం చూసి ఓర్వలేకనా? మొదటిదైతే వినడానికి కాస్త గౌరవంగా ఉంటుందని ఇన్నాళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను. నిజం రెండోది.

కొన్నేళ్లకు బస్టాండులో మేరీ కనబడింది. తనే వచ్చి పలకరించింది. "ఆ రోజు మీరు ఓపిగ్గా రెండోసారి కూడా వాయించారండి. నాకే గొంతు లేదు. ఆ తర్వాత చర్చిలో కూడా మానేశానండి" అంది, ఎవరి మీదా కోపం లేకుండా.

చెప్పడానికి కావలసినంత టైముంది. బస్సు ఇంకా రాలేదు. "ఎండలు ముదిరాయమ్మా" అన్నాను.

మేరీ గొంతులో ఏ లోపమూ లేదు. శ్రుతి పెంచింది నేను. ఆమెకు చెప్పాల్సిన మాట ముక్కూమొహం తెలియని మీకు చెప్పాను. కాస్త తేలికైంది, కాదనను. ఆమె ఇప్పటికీ పాడటం లేదట.